గీత దగ్గర ఊగిన నీళ్ళు

పిల్లలూ, దగ్గరగా జరిగి కూర్చోండి. అనగనగా, పరీక్షల భయం జంతువులకు కూడా ఉన్న కాలంలో, ఒక అడవి ఉండేది. అడవి మధ్యన ఒక వాగు. వాగు మీద ఒక ఆనకట్ట. ఆనకట్ట పక్కనే, వెదురు తడికల నడుమ, ఒక కంప్యూటర్ కళాశాల.

కళాశాల అంటే పెద్దదేమీ కాదు. నాలుగే గదులు. వాటిలో ఒకటి ల్యాబు. ల్యాబులో అడుగు పెట్టాలంటే ముందు గిట్టలూ గోళ్ళూ కడుక్కోవాలి. తోకలున్నవాళ్ళు తోక చుట్టి ఒళ్ళో పెట్టుకోవాలి. అక్కడ మూడేళ్ళు చదివి, చివర ల్యాబు పరీక్ష నెగ్గితే డిగ్రీ చేతికి వస్తుంది.

పాఠాలు చెప్పేది ఎలుగుబంటి మేడమ్. కొత్తగా చేరిన వాళ్ళకు మొదటి రోజే ఆవిడ ఇలా చెప్పేది.

"నాయనలారా, కంప్యూటర్ మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. మీ మనసులో ఉన్నది మాత్రం చేయదు. దానికి మీ మనసు తెలియదు. అందుకని ఏం చేయాలో ఒక్కటి వదలకుండా, వరసగా రాసి చెప్పాలి. అలా రాసినదాన్నే ప్రోగ్రాం అంటారు."

చివరి ఏడాది చదివే వాళ్ళలో శలాక అనే ఏదుపంది ఉండేది. ఏదుపంది తెలుసుగా? ఒళ్ళంతా ముళ్ళే. వాగు దిగువన బొరియల్లో బతికే వాళ్ళలో కళాశాల గడప తొక్కింది శలాక ఒక్కతే. భయం వేస్తే చాలు, ఆమె వీపు మీద ముళ్ళన్నీ లేచి నిలబడేవి. పరీక్ష గదిలో పక్కవాళ్ళు, "అమ్మో! గుచ్చుకుంటున్నాయి! మేడమ్, శలాకకు మళ్ళీ భయమేసింది!" అని గోల చేసేవాళ్ళు.

పాపం, ఆమె ల్యాబు పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి ప్రోగ్రాం సగంలో ఉండగానే గంట కొట్టేశారు. రెండోసారి పూర్తయింది గానీ నడవలేదు. మూడోసారి కూడా తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. అది కళాశాల నియమం.

సెలవులకు ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ దుంపలు ఒలిచి పెడుతూ అడిగింది.

"ఏమే తల్లీ, ఈసారైనా గట్టెక్కుతావా?"

"ఏమోనమ్మా. నాకు రాదేమో."

"నడక కూడా నీకు ఆలస్యంగానే వచ్చింది. వచ్చాక ఆగావా ఎక్కడైనా? ముందు తిను."

శలాక తలవంచుకుని తినేసి, మళ్ళీ కళాశాలకు వచ్చింది.

ఆ ఏడు మహారాణి సింహం నుంచి ఒక కబురు వచ్చింది. ఎలుగు మేడమ్ పిల్లలందరినీ పిలిచి చెప్పింది.

"మన ఆనకట్ట తలుపు ఎత్తేదీ దించేదీ మొసలి తాత కదా. పెద్దవాడైపోయాడు, చేతులు సహకరించడం లేదు. ఇకమీదట ఆ పని కంప్యూటర్ చేయాలట. నీళ్ళు గీత దాకా వస్తే తలుపు తెరవాలి, లేకపోతే గట్టు తెగుతుంది. గీత దిగితే మూయాలి, లేకపోతే వేసవికి చుక్క మిగలదు. ఈ ఏటి పరీక్ష ఇదే. చూడటానికి మహారాణే వస్తారు. నెగ్గిన ప్రోగ్రామును నిజం తలుపుకే పెట్టిస్తారు."

శలాకతో పాటు ఆ పరీక్షకు కూర్చోవలసిన వాళ్ళు మరో ఇద్దరు. ఒకడు లంఘనుడు అనే కొండముచ్చు. ఇంకొకతె మంజువాణి అనే గోరింక.

లంఘనుడు తోక ఊపుతూ అన్నాడు. "దీనికింత హైరానా ఎందుకు? మన సీనియర్లు ఇలాంటిదే రాశారు. పై తరగతి వాళ్ళది కింది తరగతి వాళ్ళు దించుకోవడం మన కళాశాల ఆనవాయితీ. మా అన్న వాళ్ళ సీనియర్ దగ్గర దించాడు. నేను మా అన్న దగ్గర దించాను. నీకూ ఇస్తా, తీసుకో శలాకా."

"లోపల ఏముందో చదివావా?"

"చదివేదుంటే దించుకోవడం దేనికి?"

మంజువాణి కిలకిలా నవ్వింది. "మీరిద్దరూ అమాయకులర్రా! తెర మీద 'తలుపు తెరుచుకుంది' అని రావాలి. అంతేగా? నేను ఆ మాటే రాసేశాను. ప్రోగ్రాం మొత్తం ఒక్కటే వరస! ఎంత ముద్దుగా వస్తుందో చూడండి."

"మరి తలుపో?" అంది శలాక.

"తలుపు సంగతి తలుపే చూసుకుంటుందిలేవే!"

శలాకకు ఆశ పుట్టలేదని నేను చెప్పను. పుట్టింది. లంఘనుడి దగ్గర ఆ ప్రోగ్రాం తీసుకుంది కూడా. కానీ సాయంత్రం ఆనకట్ట మీదికి షికారు వెళ్ళి కిందికి చూసింది. తలుపుకు సరిగ్గా దిగువన వాళ్ళ బొరియలు. బయట వాళ్ళమ్మ దుంపలు ఎండబెడుతోంది. శలాక అక్కడే చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి, "లంఘనా, ఏమీ అనుకోకు. నాది నేనే రాసుకుంటాను" అని ప్రోగ్రాం వెనక్కి ఇచ్చేసింది.

రాయడం మొదలుపెట్టింది. నడిపితే నడవదు. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఏడుపు ముఖంతో ఎలుగు మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, మళ్ళీ తిడుతోంది."

"అవి తిట్లు కావమ్మా. ఎక్కడ ఆగిపోయానో చెబుతోంది, అంతే. సరే, ఒక పని చెయ్యి. తెర ముందు నుంచి లే. ఇప్పుడు నువ్వే కంప్యూటర్‌వి. నువ్వు రాసిన ఒక్కొక్క వరస చదువు. అందులో ఏముంటే అదే చెయ్యి. లేనిది చేశావో, ఊరుకోను."

శలాక పెరట్లో ఒక నీళ్ళ తొట్టి పెట్టుకుంది. తొట్టి లోపల గీత గీసింది. పక్కకు ఒక చిన్న చెక్క తలుపు బిగించింది. వరస చదవడం, తలుపు ఎత్తడం. వరస చదవడం, తలుపు దించడం.

మొదట ఒక తప్పు దొరికింది. తలుపు ఎత్తమని రాసింది గానీ, దానికన్నా ముందు నీళ్ళు చూడమని రాయలేదు. అది దిద్దింది. తర్వాత ఇంకొకటి దొరికింది. నీళ్ళు ఒక్కసారి చూసి ఊరుకోమన్నట్టుంది, చూస్తూనే ఉండమని లేదు. అదీ దిద్దింది. ఆ తర్వాత మూడోది. నీళ్ళు గీత పైనుంటే ఏం చేయాలో ఉంది, కిందుంటే ఏం చేయాలో ఉంది. సరిగ్గా గీత మీదుంటే? ఆ మాటే లేదు! దాన్నీ దిద్దింది.

ఈసారి తొట్టికీ తలుపుకూ కంప్యూటర్ తీగలు తగిలించి నడిపితే, ప్రోగ్రాం నడిచింది. తెర మీద ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. శలాక ఆనందం పట్టలేక తన చుట్టూ తానే తిరిగింది.

అయితే పరీక్ష ముందు రోజు గాలి వీచింది. తొట్టిలో నీళ్ళు గీత దగ్గర ఊగడం మొదలుపెట్టాయి. కాస్త పైకి, కాస్త కిందికి. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. తెరుచుకుంది, మూసుకుంది. టపటపా టపటపా కొట్టుకుని, చివరికి దాని కీలు ఊడి కింద పడింది.

శలాక ముళ్ళు లేచి నిలబడ్డాయి. ఎంత ఆలోచించినా దీనికి మందు తోచలేదు. చూస్తుండగానే తెల్లవారింది.

మహారాణి వచ్చింది. పెరట్లో గీతా తలుపూ ఉన్న కొత్త తొట్టి పెట్టించి, కంప్యూటర్‌కు తగిలించమంది. చుట్టూ అడవి అంతా మూగింది. వెనక వరసలో శలాక వాళ్ళమ్మ కూడా ఉంది.

ముందు మంజువాణి. మహారాణి కుండతో నీళ్ళు పోసింది. తెర మీద చక్కని అక్షరాలు వచ్చాయి: 'తలుపు తెరుచుకుంది.' తలుపు మాత్రం కదల్లేదు. నీళ్ళు పొర్లి మహారాణి పాదాలు తడిశాయి.

"తెరుచుకుందంటోందే!" అంది మహారాణి.

"అవును మహారాణీ."

"మరి నా కాళ్ళెందుకమ్మా తడుస్తున్నాయి?"

మంజువాణి నోట మాట రాలేదు. గోరింకకు మాట రాకపోవడం ఆ అడవి చూడటం అదే మొదటిసారి.

తర్వాత లంఘనుడు. మహారాణి మళ్ళీ పోసింది. నీళ్ళు గీత దాటాయి, అంచు దాటాయి, నేల మీద పారాయి. తలుపు తెరుచుకోలేదు. ఎలుగు మేడమ్ ప్రోగ్రాం చదివి నిట్టూర్చింది. సీనియర్ల కాలంలో తొట్టి మూరెడు ఎత్తు. ఈ తొట్టి జానెడే. ప్రోగ్రామేమో మూరెడు నీళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

"ఈ తొట్టిలో అంత నీరు ఎక్కడ పడుతుంది నాయనా? ఎందుకిలా రాశావు?" అంది మహారాణి.

"నేనా? నేను రాయలేదు మహారాణీ!" అని నాలుక కరుచుకున్నాడు లంఘనుడు. అందరూ ఘొల్లున నవ్వారు.

చివరికి శలాక. మహారాణి సన్నగా పోసింది, చిరుజల్లులా. తలుపు కదల్లేదు. కదలకూడదు కూడా. ధారగా పోసింది, ముసురులా. నీళ్ళు గీత తాకగానే తలుపు తెరుచుకుంది, దిగగానే మూసుకుంది. కుండ మొత్తం ఒక్కసారి కుమ్మరించింది, కుంభవృష్టిలా. తలుపు తెరుచుకుని, ఎక్కువైన నీళ్ళు పోయాక బుద్ధిగా మూసుకుంది.

"భేష్! మూడు వానలకూ నిలిచింది. నువ్వు నెగ్గావమ్మాయ్. రేపే దీన్ని ఆనకట్టకు పెట్టిస్తాను" అంది మహారాణి.

చప్పట్లు మోగాయి. వెనక వరసలో వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. శలాక అటు చూసింది. కళాశాలలో చేరాక ఇంత తీయని మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, డిగ్రీ ఆమెదే.

కానీ ఆమె ముళ్ళు మెల్లగా లేచాయి.

"మహారాణీ, పెట్టించవద్దు."

"ఏం?"

"ఇందులో ఒక తప్పుంది. గాలికి నీళ్ళు గీత దగ్గర ఊగితే తలుపు కొట్టుకుని కొట్టుకుని ఊడిపోతుంది. ఎందుకలా అవుతుందో తెలిసింది. ఎలా ఆపాలో తెలియలేదు."

మహారాణి తొట్టిని తన పంజాతో ఊపింది. టపటపా టపటపా. తలుపు ఊడి కింద పడింది.

"అయ్యో పిచ్చిపిల్లా, నిన్నెవరడిగారే!" అని లంఘనుడు తల పట్టుకున్నాడు.

"నిజమే, ఎవరూ అడగలేదు. ఎందుకు చెప్పావు?" అంది మహారాణి.

"తలుపు కింద ఇళ్ళున్నాయి మహారాణీ."

మహారాణి ఎలుగు మేడమ్ వైపు తిరిగింది. "మీ నియమం ఏమంటుంది?"

మేడమ్ శలాక వైపు చూడకుండా చెప్పింది. "ప్రోగ్రాంలో తప్పుంటే పరీక్ష పోయినట్టే. ఇది మూడోసారి. ఇంటికి పంపించాలి."

"ఆగండి. పరీక్ష పెట్టింది నేను. నాకు ఏ తప్పూ దొరకలేదు. నేను పాస్ చేశాను. నాకు దొరకని తప్పును ఈ అమ్మాయే వెతికి, తనే బయటపెట్టింది. పరీక్ష పెట్టినవాళ్ళకన్నా గట్టిగా తన పనిని పరీక్షించుకున్న పిల్లకు మీరు ఏం మార్కులు వేస్తారు?"

మేడమ్ మార్కుల పుస్తకం తెరిచి చూసి, "దానికి తగిన మార్కులు మా దగ్గర లేవు తల్లీ. ఉన్నది పాస్ ఒక్కటే. అది ఇస్తాను" అంది.

"ఇవ్వండి. తప్పు దిద్దేదాకా తలుపు జోలికి పోవద్దు" అని మహారాణి లేచింది.

అందరూ వెళ్ళాక శలాక ఊడిన తలుపు తీసుకుని కూర్చుంది. మంజువాణీ లంఘనుడూ వచ్చి, సిగ్గుపడుతూ పక్కనే నిలబడ్డారు.

"నిలబడి చూస్తారేం, రండి" అంది శలాక. "లంఘనా, నువ్వు కంప్యూటర్‌వి. మంజూ, నువ్వు నీళ్ళు పైకో కిందికో చెబుతూ ఉండు."

"పైకి!" అంది మంజువాణి. లంఘనుడు తలుపు ఎత్తాడు. "కిందికి!" దించాడు. "పైకి! కిందికి! పైకి! కిందికి!"

"ఆపవే బాబూ!" అని అరిచాడు లంఘనుడు. "నా చేతులు పడిపోతున్నాయి. తెరిచేదీ ఆ గీత దగ్గరే, మూసేదీ ఆ గీత దగ్గరేనా? ఒకసారి తెరిచాక, నీళ్ళు బాగా దిగేదాకా ఊరుకుంటే ఏం పోయింది?"

శలాక ఉలిక్కిపడింది. "మళ్ళీ అను!"

"నీళ్ళు బాగా దిగేదాకా..."

"రెండు గీతలు! తెరవడానికి పైన ఒకటి, మూయడానికి దానికి బాగా కింద ఇంకొకటి!"

ముగ్గురూ తొట్టిలో రెండో గీత గీశారు. ప్రోగ్రాం మార్చారు. తొట్టిని ఎంత ఊపినా తలుపు కొట్టుకోలేదు. మహారాణి ఆ ప్రోగ్రామును ఆనకట్టకు పెట్టించింది. మరుసటి పరీక్షకు మంజువాణీ లంఘనుడూ ఎవరిది వాళ్ళే రాసి, తిట్లన్నీ తిని, నెగ్గారు.

ఆ తొలకరికి పెద్ద గాలివాన వచ్చింది. వాగు ఎర్రగా పొంగింది. నీళ్ళు పై గీతను తాకాయి. తలుపు ఒక్కసారి తెరుచుకుంది. అలలు ఎగిరెగిరి పడ్డాయి. తలుపు అలాగే నిలిచింది. నీరు కాలువ వెంట పద్ధతిగా పోయింది. దిగువన ఒక్క బొరియ కూడా తడవలేదు. మొసలి తాత తలుపు పక్కన కాసేపు నిలబడి, చేయడానికి పనేమీ లేక, హాయిగా నీళ్ళలోకి జారుకున్నాడు.

పిల్లలూ, నీతి ఇది: తన పనిలో తప్పెక్కడుందో ఎవరూ అడగకముందే చెప్పగలిగినవారికే పదిమంది ప్రాణాలను నమ్మి అప్పగించవచ్చు.