కడగని కల్వం

అనగనగా ఒక అడవిలో, పట్టపగలే, చప్పుళ్ళు ఒక్కొక్కటిగా ఆగిపోవడం మొదలైంది. భయపడకండర్రా, దగ్గరికి జరిగి వినండి.

మొదట కంజుపిట్ట పిల్ల నోరు తెరిచింది, కూత రాలేదు. తర్వాత జింకపిల్లకీ గొంతు పెగల్లేదు. పొగమంచులో తప్పిపోతే పిల్ల ఎక్కడుందో తల్లికెలా తెలుస్తుంది, చెప్పండి?

ఆ అడవికి వైద్యురాలు చింతాలు అనే ముంగిస. పిల్లలకు దగ్గొస్తే, తనకు తన అమ్మ ఇచ్చిన రాతి కల్వంలో ఆకు నూరి నాకించేది. ఆ కల్వాన్ని మాత్రం ఎన్నడూ కడగదు. కడిగితే అమ్మ హస్తవాసి పోతుందని ఆమె నమ్మకం.

"ఈ మాయరోగం సంగతి నేనే తేలుస్తా" అని చింతాలు నడుం బిగించింది. ఆ పొద్దున దగ్గుతున్న తన కూతురు పొన్నికి మందు నాకించి బయలుదేరింది.

"పాము కనిపించిందా?" అని కంజుపిట్టను అడిగింది.

"కనిపించిందక్కా, గట్టు మీద."

"పాము కనిపించిందా?" అని జింకను అడిగింది.

"ఆఁ, పొదలో కనిపించింది."

అడవన్నాక పాము కనిపించదూ? కానీ ముంగిసకు ఆ మాట చాలు. ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి బొరియ ముందు పొన్ని నిలబడి ఉంది. నోరు బార్లా తెరిచింది. 'అమ్మా' అనాలని చూస్తోంది, మాట రావడంలేదు. చింతాలు ఉక్రోషంతో పుట్ట మీదికి ఉరికి, ముసలి జెర్రిపోతు మెడ పట్టుకుంది.

"చంపితే చంపు తల్లీ" అంది జెర్రిపోతు. "నా పిల్లలు మాత్రం నీ మందు ముట్టలేదు. పుట్టలో ఎలా బుసకొడుతున్నారో విను."

చింతాలు చెవి పెట్టి వింది. అంత పెద్ద అడవిలో వినిపించే పిల్లల చప్పుడు అదొక్కటే. పట్టు వదిలేసింది.

ఇంటికెళ్ళి కల్వంలో ముక్కు పెట్టింది. కుళ్ళు వాసన. అడుగున నల్లటి బూజు, మెల్లగా కదులుతోంది.

"అయ్యో! పాము పాము అని అడవంతా తిరిగానే, నా చేతిలోదాన్ని చూసుకోలేదే!" అని బావురుమంది. అమ్మను తలుచుకుని ఏడుస్తూనే, కల్వాన్ని వాగు ఇసుకతో తోమింది. కొత్తాకు నూరి పిల్లలందరికీ పెట్టింది.

పొన్ని 'అమ్మా' అంది. కంజుపిట్ట పిల్ల కూసింది. జింకపిల్ల మాత్రం ఇప్పటికీ నోరు తెరుస్తుంది, అంతే. పొగమంచు దిగిందంటే చాలు, చింతాలే వెళ్ళి దాని పక్కన కూర్చుంటుంది.

నీతి: తప్పెక్కడుందో వెతికేవారు ముందు తమ నమ్మకాన్నే పరీక్షించుకోవాలి.