పాట ఆగిన చోటు

ఎవరేం అడిగినా సన్యాసినాయుడు మాస్టారు నోటితో జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి కబడ్డీ బరిలోకి దింపేవారు. జవాబు వాడి ఒంటికే తెలియాలని ఆయన పట్టుదల. ఆయన చేతికింద పెరిగి, ఇప్పుడు తానూ ఒక ఆడపిల్లల జట్టుకు కోచ్ అయిన గౌరునాయుడికి ఆ సంగతి తెలియక కాదు. ఉక్రోషం ఆపుకోలేక ఆ ఉదయం అడిగేశాడు.

"జాతీయగీతం పాడతంటే కూకున్నదానికి దేశమంటే గౌరవం ఉన్నట్టేనేటండీ మాస్టారూ?"

కూర్చున్నది అతని జట్టు కెప్టెన్ దమయంతి. కిందటి నెలలో క్రీడాసంఘంవాళ్ళు మ్యాట్లు వెయ్యకుండా రాయిలాంటి నేల మీద ఆడించడంతో, ఆమె స్నేహితురాలు గౌరీశ్వరి మోకాలు చితికి మంచాన పడింది. సంఘం పెద్దల్లో ఒక్కరూ తొంగిచూడలేదు. అందుకని నిన్న పోటీకి ముందు అందరూ నిలబడ్డ వేళ, దమయంతి గౌరీశ్వరి జెర్సీని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని నేలమీద కూర్చుంది. వచ్చిన అతిథుల ముందు గౌరునాయుడికి తల కొట్టేసినట్టయింది. పరువు పోయిందనుకున్నవాడికి ఒళ్ళు తెలుస్తుందా? వరసలోంచి దూకి వెళ్ళి, "లెగు! సిగ్గు లేదేటే?" అని కేకలేస్తూ ఆ పిల్ల రెక్క పట్టుకుని లాగాడు. మైకు దగ్గర పాడుతున్న బడిపిల్లలు హడలిపోయి నోళ్ళు మూసేశారు; పాట సగంలోనే ఆగిపోయింది. జాతీయగీతానికి భంగం కలిగించిందని దమయంతిని ఇక ఆటకే రానివ్వం అంటున్నారు సంఘంవాళ్ళు. మధ్యాహ్నం విచారణ. సాక్ష్యం చెప్పవలసింది గౌరునాయుడే.

మాస్టారు అంతా విన్నారు. కసరత్తు చేస్తున్న శిష్యులను పిలిచి బరిలో వరసగా నిలబెట్టారు. వరస చివర గౌరునాయుణ్ణి ఉంచి, తాను మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ గీత పక్కన కింద కూర్చున్నారు.

"నానే దమయంతినిరా. నిన్న నువ్వేటి సేసేవో అదే సెయ్యి," అని తల వంచుకున్నారు.

ఆయన చెయ్యూపగానే శిష్యులు జాతీయగీతం ఎత్తుకున్నారు. రెండడుగులు వేస్తే మాస్టారి చెయ్యి అందుతుంది. కానీ ఆ పాట చెవిన పడితే మడమలు కలిపి కదలకుండా నిలబడడం గౌరునాయుడు చిన్ననాడు ఈ బరిలోనే నేర్చుకున్నాడు. నేర్పినదీ ఈయనే. అతని కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. పాట చివరిదాకా సాగి ముగిసింది.

"నన్ను లెగదియ్యలేదేటిరా?" అన్నారు మాస్టారు తలెత్తి.

"పాట అవతంది కదండీ మాస్టారూ! మద్దెలో ఎలాగ కదుల్తానండీ?"

అన్నాక ఆ మాట అతనికే తగిలింది. నిన్న పాట వినపడుతున్నంతసేపూ మెదలనిది, పల్లెత్తు మాట అననిది ఆ పిల్లే. గంతులేసిందీ, అరిచిందీ తాను. తీరా నింద వేసే వేళకు, దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, వేలు ఆమె వైపు చూపించడానికి తయారయ్యాడు. అంతకన్నా హీనమైనది మరొకటి గుర్తొచ్చింది. గౌరీశ్వరి పడిపోయిన రోజున, "పెద్దోళ్ళతో మనకెందుకు, నోరు మూసుకోండి" అని జట్టుకు బుద్ధి చెప్పింది కూడా తానే. శిష్యులందరి ముందు గౌరునాయుడికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చితికిపోయాడు.

"మద్దేన్నం ఆళ్ళకి ఏటని సెప్పమంటారండీ?" అని అడిగాడు.

మాస్టారు లేవడానికి అతని చెయ్యి ఆసరాగా పట్టుకున్నారు.

"ఆ పిల్ల మనసులో ఏటుందో నువ్వు సెప్పక్కర్నేదు. పాట ఎక్కడ ఆగిందో అది సెప్పు."