పేపర్లో పడిన గ్రంథాలయం

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ కథలో రాసేవాడికి చదివేవాడు లోకువ. వినండి మరి.

అనగనగా, పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చే రోజుల్లో, ఉప్పుమళ్ల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక గ్రంథాలయం. దాన్ని ఊడ్చే మనిషి గురమ్మ. అక్షరమ్ముక్క రాదు. కానీ పొద్దుగూకాక ఉప్పుమళ్ల నుంచి జనం వచ్చి బల్లల మీద కూర్చుని, ఒకరు పేపరు చదువుతుంటే పదిమంది వింటుంటే, ఆవిడకి కడుపు నిండిపోయేది.

ఒకసారి పట్నం నుంచి పేపరాయన వచ్చాడు. "ఇది విజ్ఞాన దేవాలయం" అని రాశాడు. ఉప్పుకూలీలు తమ బురదకాళ్ల వంక చూసుకుని ఇళ్ల దగ్గరే ఆగిపోయారు. "గుడిలోకి ఈ కాళ్లతోటా? పేపర్లో పడిందిగా!" గురమ్మ ఇంటింటికీ తిరిగింది. "ఊడ్సీదాన్ని నాను. నాకు లేని బాధ మీకేటి? రండి" అని లాక్కొచ్చింది.

ఇంకోసారి వచ్చాడు. "సోమరిపోతుల అడ్డా" అని రాశాడు. ఈసారి ఆడవాళ్లు మానేశారు. "పేపర్లో పడిందిగా!" గురమ్మ మళ్లీ తిరిగింది. "మీరు సోమరులైతే ఈ ఉప్పు ఎవులు పండిస్తన్నారే?" అని చీవాట్లు పెట్టి తీసుకొచ్చింది.

మూడోసారి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఊరంతా ఉప్పుమళ్లలో ఉంది. గురమ్మ బతిమాలింది.

"పొద్దుగూకేదాకా ఉండు బాబూ. నీకే కూకోడానికి సోటు దొరకదు."

ఆయనకి తిరుగు బస్సు తొందర. "ఎవరూ రాని గ్రంథాలయం ఇంక దేనికి?" అని రాసేశాడు.

విచిత్రం చూడండి. ఆ వార్తని జనం ఆ గ్రంథాలయంలోనే కూర్చుని చదివారు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. "అయ్యో, ఎవరూ రావట్లేదంట" అని నిట్టూర్చారు.

"మరి మీరెవుల్రా?" అంది గురమ్మ.

"మేమంటే వస్తన్నాం అత్తా. కానీ పేపర్లో పడిందిగా!"

ఆ వార్త చూసి అధికారులొచ్చి, ఎవరైనా వస్తున్నారా అని ఊరిని అడిగారు. చదువుకోడానికి వచ్చేవాళ్లలో ఒక్కరు లేచి నిజం చెబితే చాలు. "అందరూ వస్తారు బాబూ" అని గురమ్మ ఒక్కతే అంది. ఊడ్చేదాని మాటకి విలువేముంది? మిగతావాళ్లు తలలు దించుకున్నారు. తలుపుకి తాళం పడింది.

గురమ్మ రోజూ వచ్చి మెట్లు ఊడ్చేది. పాపిష్టి ఊరు, చూస్తూ ఊరుకుంది. తలుపు తెరుచుకోవడం చూడకుండానే ఆవిడ పోయింది.

అప్పుడూ పేపరాయన వచ్చాడు. "జీవితమంతా పుస్తకాలు చదివిన మహాతల్లి" అని రాశాడు. దాన్ని టీకొట్టు దగ్గర చదువుతుంటే కన్నయ్య అనే ఉప్పుకూలీ దిగ్గున లేచాడు.

"అబద్దం! అత్తకి సదువు రాదు. మనల్ని పిలిసీది. నాను సూశాను."

"నానూ సూశాను" అని ఇంకొకరు లేచారు. ఒకరి వెనక ఒకరు లేచారు. అందరూ కలిసి అధికారుల దగ్గరికెళ్లి, నిజం చెప్పి, తాళం తీయించుకొచ్చారు.

ఇప్పటికీ ఆ గ్రంథాలయంలో తమ ఊరి వార్త వస్తే, చదివే మనిషి మధ్యలో ఆగుతాడు. "చూసినవాళ్లెవరు?" అని అడుగుతాడు. చూసినవాళ్లు లేచి నిలబడి చెప్పాలి. దాన్ని గురమ్మ సాక్ష్యం అంటారు. ఆవిడ బతికుండగా ఒక్కరంటే ఒక్కరు లేవలేదు.