బండి బయట చెప్పులు

హైమవతికి ధ్యానంలో మనసు నిలవదు. కళ్లు మూసుకోవడం ఆలస్యం, లోపల సంత మొదలవుతుంది. గుంటూరులో ఓ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ, లెక్క తేలకపోతే నిద్రపట్టని రకం. ఇదేదో తేల్చుకుందామని ఏకంగా జపాన్ బయల్దేరి, క్యూషూ దీవిలో హకాతా అనే ఊళ్లో ఉన్న తన గురువుగారి గుడికి వచ్చేసింది.

గురువుగారి పేరు ర్యూషిన్. జెన్ సన్యాసి. వయసులో ఉండగా నాగార్జునకొండ చూడ్డానికొచ్చి, గుంటూరులో కొన్నేళ్లు ఉండిపోయి, తెలుగూ గోంగూరా రెండూ వంటబట్టించుకున్నారు. ఏ భాషలోనైనా ఆయన మాట్లాడేది మాత్రం తక్కువే.

వచ్చిన సాయంత్రమే ఆవిడ అడిగేసింది.

"మనసెందుకు నిలవదు గురువుగారూ?"

ఆయన టీ పోసి గిన్నె ఆవిడ ముందుకు జరిపారు.

"ఈ దేశంలో నీకు ఎవరున్నారమ్మా?"

ఆవిడ ఉలిక్కిపడింది. మీరున్నారు కదా అనబోయి, ఎందుకో అనలేకపోయింది.

"మా అక్క ఉంది. ఇజుమిలో."

మిగతాది కూడా చెప్పుకొచ్చింది. అక్క సుభాషిణి చదువుకోవడానికొచ్చి, కొంగల మీద పరిశోధన చేసే ఇక్కడి మనిషిని పెళ్లాడింది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ మండిపడింది హైమవతే. 'నీకేమైనా నాకు కబురు చేయకు' అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎప్పటికో బావ పోయాడని తెలిసింది. అప్పుడైనా ఒక్క మాట పలకరించలేదు. కోపం ఎప్పుడో చల్లారింది, ఇప్పుడు సిగ్గు అడ్డం. చుట్టాలంతా ఉన్న ఫోన్ గ్రూపులో అక్క కూడా ఉంది, కానీ ఇద్దరూ ఒకరికొకరు ముక్క రాసుకోరు.

ఓదార్పు మాట ఏదైనా వస్తుందని చూసింది. గురువుగారు "ఊ" అని గిన్నెలు కడగడానికి లేచారు.

మర్నాటి నుంచి హైమవతి బుల్లెట్ రైలు ఎక్కడం మొదలుపెట్టింది. విదేశీ యాత్రికులకు మాత్రమే ఇచ్చే పాస్ ఒకటి కొనుక్కుంది. దేశమంతా చెల్లదు, ఈ దీవి వరకే. కానీ ఆ కాసిన్ని రోజులూ ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ అడగరు. ర్యూషిన్ గారికి అది ఇవ్వరు, సొంత దేశం కాబట్టి. గురువుకు లేని వైభోగం తనకు దక్కిందని ఆవిడకు లోలోపల కాస్త మురిపెం.

"ఈ దీవిలో ఎక్కడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చండీ. మన దగ్గర గుంటూరు నుంచి తెనాలి వెళ్లొచ్చేలోగా, ఇక్కడ ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. సీసాలో నీళ్లు కూడా కదలవు."

ఒకరోజు దక్షిణపు కొసన కగోషిమాలో పొగలు కక్కే కొండ చూసింది. ఇంకోరోజు దానికవతల సముద్రం ఒడ్డున వేడి ఇసుకలో పీకలదాకా కప్పించుకుని పడుకుంది. మరోరోజు అటువైపే ఏదో అడవిలో గుడి. సాయంత్రం వచ్చి ఆ కబుర్లన్నీ గురువుగారికి చెప్పేది, మర్నాటి సీటు చీటీ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టేది. పాస్ ఇంకొక్క రోజు మిగిలి ఉండగా గురువుగారు నోరు విప్పారు.

"ఎక్కడైనా దిగొచ్చన్నావు."

"అవునండీ."

"ఎక్కడ దిగావు?"

"కగోషిమాలో."

"రోజూనా?"

ఇజుమి ఆ దారిలోనే ఉందని, బండి రోజూ అక్కడ ఆగుతుందని ఆయనకు తెలియదా? హైమవతి తల దించుకుంది.

"రేపు నేనూ వస్తాను," అన్నారాయన.

పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఆయన టికెట్ కొనుక్కున్నారు. పెట్టెలో తలుపును ఆనుకుని ఉన్న వరసే వాళ్లది. కిటికీ దగ్గర ఆవిడ, పక్కన ఆయన. బండి కదలగానే హైమవతి అలవాటు ప్రకారం చెప్పులు విప్పి, మేజోళ్ల కాళ్లు పైకి మడిచి బాసింపట్టు వేసుకుంది. బుల్లెట్ రైలైనా పల్నాడు ఎక్స్‌ప్రెస్ అయినా ఆవిడకు కూర్చోవడం అంటే అదే.

సొరంగాలు దాటాక, ఇజుమి వస్తోందని బండిలో మైకులో చెప్పారు. హైమవతి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, వెన్ను నిటారుగా చేసి కళ్లు మూసుకుంది. రోజూ చేసే పనే. ఇక్కడ బండి ఆగేది నిమిషం, ఆ నిమిషం కళ్లు మూసుకుంటే గడిచిపోతుంది.

బండి ఆగింది. పక్కన వస్త్రం గరగరలాడిన చప్పుడు. ఎంతకీ ఆయన మళ్లీ కూర్చున్న అలికిడి లేకపోయేసరికి కళ్లు తెరిచింది.

చెప్పులు లేవు.

చూస్తే గురువుగారు తలుపు బయట వంగి ఉన్నారు. ఆవిడ చెప్పుల జత ప్లాట్‌ఫారం మీద పక్కపక్కన సర్దుతున్నారు. గుడి గడప దగ్గర, వెళ్లేవాళ్లకు వీలుగా మొనలు బయటికి తిప్పి పెడతారే, సరిగ్గా అలాగే ఊరివైపు తిప్పి పెట్టారు. లోపలికొచ్చి తన సీట్లో కూర్చున్నారు. ముందు వరసలో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పేపరు దించి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"గురువుగారూ, నా చెప్పులు..."

"బయట ఉన్నాయి."

తలుపులు మూసే గంట మోగింది. సెకను కూడా ఆగే బండి కాదది. హైమవతి ఏమీ ఆలోచించలేదు. సంచి పట్టుకుని మేజోళ్లతోనే బయటికి దూకింది. వెనక తలుపు మూసుకుంది. తిరిగి చూసేసరికి బండి కదిలింది. గురువుగారు ఆవిడ వైపు చూడనైనా చూడలేదు.

అరవై దాటిన ఆడమనిషిని, భాష రాని ఊళ్లో, ఇలా కుక్కను తోలినట్టు దించేయడమా? ఇంత చదువుకున్న సన్యాసి చేయాల్సిన పనేనా? ఒళ్లు మండిపోయింది. పాస్ మెడలోనే ఉంది, తర్వాతి బండి ఎక్కి వెళ్లి మొహం మీదే అడిగేయాలనుకుంది.

"హైమా."

తెలుగులో. ఆవిడ గిరుక్కున తిరిగింది.

చెప్పులకు అవతల, రెండడుగుల దూరంలో, లావుపాటి కోటు కింద చీర కుచ్చిళ్లు కనబడుతూ ఒక పెద్దావిడ నిలబడి ఉంది. జుట్టంతా నెరిసిపోయింది. ముక్కు మాత్రం అచ్చం అమ్మ ముక్కు.

"అక్కా... నువ్విక్కడ... నేనొస్తానని ఎవరు చెప్పారు?"

"రోజూ వస్తానే ఉన్నా." సుభాషిణి ఎక్కడో చూస్తూ చెప్పింది. "నువ్వే కదే, ముందురోజు రాత్రే సీటు చీటీ ఫోటో తీసి గ్రూపులో పెడతన్నావు. ఏ బండో, ఏ పెట్టో, ఏ సీటో అన్నీ దాంట్లోనే ఉంటాయి. ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని, ఆ పెట్టె ఆగే గీత దగ్గర నిలబడతన్నా. నిమిషమైనా కనబడతావని."

హైమవతి బండి వెళ్లిన పట్టాల వైపు చూసింది. ఆ కిటికీ అద్దానికి అవతల, ఇక్కడే, ఇన్ని రోజులూ.

"తట్టొచ్చుగా," అంది. "అద్దం మీద తట్టొచ్చుగా అక్కా."

"కళ్లు మూసుకుని ఉంటివి. ధ్యానంలో ఉన్నావేమో, చెడగొట్టడం ఎందుకని."

హైమవతికి అబద్ధం ఆడటానికి ఇంకేమీ మిగల్లేదు.

"నేను ధ్యానం చేయట్లేదక్కా."

"తెలుసులే," అంది సుభాషిణి. "చెప్పులేసుకో, కాళ్లు కొంకర్లు పోతాయి."