నక్క గీసిన తొమ్మిది గీతలు

నల్లమద్ది అడవిలో తొమ్మిది కోనలు. ఏడాదికోసారి కోనకొక పెద్దను ఎన్నుకుంటారు. ఏ పక్షానికి ఎక్కువ కోనలు దక్కితే, ఆ ఏడాదంతా వాగు మీద పెత్తనం ఆ పక్షానిదే. కోరల పక్షానికి తోడేలు గండయ్య నాయకుడు. కొమ్ముల పక్షానికి ఒక అడవిదున్న. పోయినేడు కోరలవాళ్ళు గెలిచి, గడ్డి తినేవాళ్ళందరినీ మిట్టమధ్యాహ్నపు ఎండలోనే నీళ్ళకు రమ్మన్నారు.

నక్క చిట్టెన్నకు ఈ గొడవలేవీ పట్టవు. వాడికి కావలసిందల్లా పెద్దల పక్కన కూర్చుని తల ఊపడం.

"దొరా, ఎవరికెన్ని కోనలొస్తాయో నేను ముందే చెప్పేస్తా," అన్నాడు గండయ్యతో.

"తప్పితే?"

"వాగొడ్డున నా బొరియ తీసేసుకోండి."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. బొరియలో పెళ్ళాం ఉంది, కళ్ళు తెరవని మూడు పిల్లలున్నాయి. కానీ గండయ్య అప్పటికే, "సరే, మాటంటే మాటే," అనేశాడు.

ఓటు వేసే పద్ధతి అక్కడ చిత్రంగా ఉంటుంది. నోట ఒక గులకరాయి కరుచుకుని పొద చాటుకు వెళ్ళాలి. అక్కడున్న రెండు గుంతల్లో ఒకదాంట్లో రాయి జారవిడవాలి. ఎవరు ఎందులో వేశారో పక్కవాడికి కూడా తెలీదు. అందుకే చిట్టెన్న ముందుగానే కోనకోనా తిరిగి అడగడం మొదలెట్టాడు.

మొదట ముసలిమేక పోలమ్మ కనిపించింది.

"అత్తా, ఈసారి ఎవరికి?" అన్నాడు, అలవాటు కొద్దీ మూతి నాక్కుంటూ.

పోలమ్మ రెండడుగులు వెనక్కేసింది. "ఇంకెవరికి బాబూ? కోరలకే."

కుందేలైతే అడక్కముందే చెప్పింది. "కోరలకే బావా! మా ఇంటిల్లిపాదీ కోరలకే!"

అడవిదున్న సొంత బావమరిది కూడా అదే మాటన్నాడు. చిట్టెన్న కోనకొక గీత చొప్పున బండ మీద తొమ్మిది గీతలు గీశాడు. తొమ్మిదీ కోరలవే.

సంతోషించాలా, వద్దా? వాడికి కాలు నిలవలేదు. బండ దగ్గరికి పోతాడు, గీతలు చూస్తాడు, వస్తాడు, మళ్ళీ పోతాడు. ఒక్కడంటే ఒక్కడు కాదనకపోవడమేమిటి? ఆగలేక మళ్ళీ పోలమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"నిజం చెప్పత్తా."

"నిజమే బాబూ. నీ మీదొట్టు." ఈసారి నాలుగడుగులు వెనక్కేసింది.

ఓట్ల రోజు పొద్దున్నే గండయ్య తన మందను వేటకు బయల్దేరదీశాడు. "తొమ్మిదీ మనవేనని చెప్పావుగా. ఇంక మేం వెళ్ళి రాళ్ళు మోయడమెందుకు? అవతలి లోయలో లేళ్ళు దిగాయట."

చిట్టెన్న నోరు తెరవబోయి ఆగాడు. వెళ్ళొద్దు, రాళ్ళు వేసి వెళ్ళండి అనాలి. అంటే, "నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా?" అంటాడు. పెద్దల ముందు పలుచనైపోవడం వాడికి చావుతో సమానం. తల ఊపాడు. ఆ ఊపిన తలకు నాలుగు తగిలించాలనిపిస్తుంది నాకు.

సాయంత్రానికి తాబేలు గుంతలన్నీ లెక్కపెట్టి, తన తీరులో నింపాదిగా చెప్పింది. "కొమ్ములకు ఆరు. కోరలకు మూడు. ఆ ఆరింట్లో మూడుచోట్ల తేడా రెండేసి రాళ్ళే."

ఆ రాళ్ళు వేయాల్సినవాళ్ళు అప్పుడే లోయలోంచి రొప్పుతూ వస్తున్నారు. వాళ్ళకు లేళ్ళూ దొరకలేదు.

"బొరియ," అన్నాడు గండయ్య.

చిట్టెన్నా వాడి పెళ్ళామూ కలిసి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గట్టు ఎక్కారు. అప్పుడే పోలమ్మ చల్లటి పూట నీళ్ళు తాగడానికి వాగుకు దిగుతోంది. చిట్టెన్న పిల్లను నేల మీద పెట్టి గట్టిగా అరిచాడు.

"ఎందుకత్తా అబద్ధం చెప్పావు? అందరూ ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగేటప్పుడు మాకు నీ పళ్ళు తప్ప ఇంకేం కనపడతాయి బాబూ? మేం వాటికి జవాబు చెప్పాం."

కళ్ళు తెరవని పిల్ల వాడి కాళ్ళ దగ్గర కుయ్‌మంటోంది. చిట్టెన్న గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడైనా నిజం చెప్పు. నన్ను చూస్తే కాస్తయినా జాలేస్తోందా?"

పోలమ్మ వాడి మూతి వైపు చూసింది. ఆరడుగులు వెనక్కేసింది.

"ఎందుకెయ్యదు బాబూ," అంది. "బోలెడంత జాలి."

నీతి: నిన్ను చూసి భయపడేవాళ్ళను నువ్వే వెళ్ళి అడిగితే, నీకు నచ్చే జవాబే వస్తుంది.