ఓబులమ్మ కుండపొయ్యి

అనగనగా చంద్రగుట్ట కోటలో, నిప్పును ఊది ఊది బుగ్గలు బూరెలైన ఒక వంటమ్మ ఉండేది. ఆమె పేరు ఓబులమ్మ. కట్టెల పొయ్యి దగ్గర ఆమెకు ఎదురే లేదు. మంట కావాలంటే ఊదుగొట్టం అందుకునేది, వద్దంటే కట్టె వెనక్కి లాగేది.

ఆ కోటకు రాజు మాణిక్యసేనుడు. మంచివాడే, కానీ కోపం ముక్కుమీద ఉండేది. ఒకసారి దూరదేశం వెళ్లి, మూత ఉన్న మట్టిపొయ్యిలో బొగ్గుల మీద మగ్గిన మాంసం తిన్నాడు. ముట్టుకుంటే ఎముక నుంచి జారిందట! తిరిగి రాగానే ఓబులమ్మ తమ్ముణ్ణి, కుమ్మరి సిద్ధయ్యను పిలిచి అటువంటి పొయ్యి చేయమన్నాడు.

సిద్ధయ్య చేశాడు. బెత్తెడు మందాన గోడ, పెద్ద గుడ్డులాంటి ఆకారం. గాలి లోపలికి రావడానికి కింద ఒక కన్నం, బయటికి పోవడానికి మూతలో ఒక కన్నం. రెండింటికీ జరిపితే మూసుకునే మట్టి బిళ్లలు పెట్టాడు.

ఓబులమ్మ బొగ్గులు పోసి నిప్పు వేసింది. కన్నాలు బార్లా తెరిచి, అలవాటు చొప్పున ఊదుగొట్టంతో ఊదింది. మేకతొడ పైన బొగ్గయింది, లోపల పచ్చిగానే ఉంది.

రాజు పళ్లెం తోసేశాడు. "పొయ్యి పనికిరానిది! ఇంకో రెండుసార్లు చూస్తాను. కుదరకపోతే ఈ కుమ్మరి నా రాజ్యంలో ఉండడానికి వీల్లేదు!"

ఓబులమ్మ గబగబా ముందుకు వచ్చింది. తల్లి పోయాక తన చేతులతో పెంచుకున్న తమ్ముడు అతడు.

"ప్రభూ, తప్పు పొయ్యిది కాదు, నా చేతిది. ఆ శిక్షేదో నాకు వేయండి" అంది.

"నీ చేతి సంగతి నాకు తెలియదా? తమ్ముణ్ణి వెనకేసుకు రాకు" అన్నాడు రాజు.

రెండోసారి వేడి ఎక్కువవగానే ఓబులమ్మ కన్నాలు రెండూ మూసేసింది. వేడి తగ్గితేనా! ఏమైందో చూద్దామని ఆత్రంగా మూత ఎత్తింది. గాలి తగలగానే మంట భగ్గున లేచింది. మాంసంతో పాటు ఆమె కనుబొమ్మలూ మాడిపోయాయి. కోటలో అందరూ ముసిముసిగా నవ్వారు. సిద్ధయ్య ఇంటికి పోయి మూట కట్టుకోసాగాడు. ఓబులమ్మ వెంటే వెళ్లింది.

"వదిలెయ్యక్కా. పక్క రాజ్యంలో మట్టి లేదా ఏం?"

"మట్టి ఉంటుందిరా, అక్క ఉండదు. మూట విప్పు" అంది ఓబులమ్మ.

ఊదుగొట్టాన్ని అటక మీద పడేసింది. మాంసం లేకుండానే పొయ్యి వెలిగించసాగింది. లోపల పెంకు మీద చిటికెడు జొన్నపిండి వేసి, అది ఎంతసేపటికి ఎర్రబడుతుందో మూత కన్నంలోంచి దూరంగా నిలబడి చూసేది. కింది కన్నం వేలెడు తెరిచి చూసింది. గోరంత తెరిచి చూసింది. పిండి నల్లబడితే, పొయ్యి పూర్తిగా చల్లారేదాకా కూర్చుని మళ్లీ మొదలుపెట్టేది. చేతులు బొబ్బలెక్కినా మానలేదు.

చివరికి కిటుకు తెలిసింది. మందపాటి మట్టి వేడిని తాగి దాచుకుంటుంది. ఒకసారి తాగిందా, కన్నాలు మూసినా పూటంతా వదలదు. కావలసినంత వేడి వచ్చాక మూస్తే ఆలస్యమే. రాకముందే కొంచెం కొంచెంగా మూస్తూ రావాలి.

రాజుకు మూడోసారి వండే రోజున చిన్న నిప్పు వేసింది. వేడి ఎక్కుతుండగానే బిళ్లలు జరిపి, కన్నాలు గోరంత చేసింది. మధ్యాహ్నం దాటింది. ఆకలితో రాజే వంటింట్లోకి వచ్చాడు.

"ఇంకా ఎంతసేపు? మూత తియ్యి!"

ఓబులమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడింది. "తీయను ప్రభూ. ఇప్పుడు తీస్తే నా తమ్ముడు నాకు దక్కడు."

రాజు పళ్లు కొరికాడు. కానీ ఆ మాడిన కనుబొమ్మలు, ఆ బొబ్బల చేతులు చూసి పీట మీద కూర్చున్నాడు.

పొద్దుగూకే వేళకు మూత తెరిచింది. వేలు తగలగానే మాంసం ఎముక నుంచి జారింది. రాజు ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు.

"ఇంత వేడిని ఎలా తగ్గించావు ఓబులమ్మా?"

"తగ్గించలేదు ప్రభూ. తగ్గించబోయి కనుబొమ్మలు పోగొట్టుకున్నాను. ఈసారి ఎక్కుతున్నప్పుడే గాలి కట్టేశాను."

రాజు తల దించుకున్నాడు. మాడిన మాంసం కోసం ఒక మనిషిని రాజ్యం దాటించబోయానే అని సిగ్గుపడ్డాడు. సిద్ధయ్యను పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో వడ్డించాడు.

"నీ పొయ్యి మంచిది సిద్ధయ్యా. కోపంతో రాజుకున్నది నేనే" అన్నాడు.

నిప్పయినా కోపమయినా పూర్తిగా రాజుకున్నాక ఆర్పడం కష్టం; ఎక్కుతున్నప్పుడే గాలి తగ్గించుకోవాలి.