తెర కింద ఏడు చుక్కలు

రాజులూ కంప్యూటర్లూ కలిసి ఏలిన కాలంలో, వేగవరం కోట పెద్ద లేఖకుడు విరూపాక్షయ్య కొత్తరకం కంప్యూటర్ తెప్పించుకున్నాడు. గుమ్మం దగ్గర అర్జీలు రాసే కోనమ్మ పాత కంప్యూటర్‌ని చూసి నవ్వాడు. కోనమ్మకు ఒళ్లు మండింది. రాజు ఎదుట పందెం కట్టింది. ఏడు ప్రోగ్రాముల్లో ఏడు పనులు చేసి, ముందుగా అన్నిటినీ ఆపినవారిదే పెద్ద లేఖకుడి పీఠం. ఓడినవారు కోట విడిచిపోవాలి.

విరూపాక్షయ్య టకటకా విండోలన్నీ మూసేసి మీసం దువ్వాడు. కోనమ్మ నింపాదిగా తన ఆఖరి విండో మూసి లేచింది.

"ప్రభూ, నా దాంట్లో విండో మూస్తే ప్రోగ్రామూ ఆగిపోతుంది. అయ్యగారి దాంట్లో ఆగదు. నడుస్తున్న ప్రోగ్రాముకో చుక్క చొప్పున తెర కింద ఏడు చుక్కలు ఇంకా వెలుగుతున్నాయి, చూడండి. వంటింటి తలుపు మూస్తే పొయ్యి ఆరిపోతుందా?"

రాజు వంగి చుక్కలు లెక్కపెట్టాడు. ఏడూ ఉన్నాయి.

"ఈ పాడు కంప్యూటర్‌దే తప్పు!" అన్నాడు విరూపాక్షయ్య.

"దాన్ని తిట్టకండయ్యా. మీరు మళ్లీ పిలిస్తే చటుక్కున పలకాలని కాచుకుని ఉంది పాపం. దాని తీరు మీకు తెలీదు. నా పాతదాని తీరు నాకు తెలుసు."

కోనమ్మ పాత కంప్యూటర్‌ని చంకన పెట్టుకుని పీఠమెక్కింది.

"కోట విడిచి ఎక్కడికి పోతారులెండి. గుమ్మం దగ్గర నా అరుగు ఖాళీగానే ఉంది."